చుట్లు లెక్కపెట్టే కాపలాదారు

మోటారు తిరుగుతూనే ఉంది. మీటరు ముల్లు గీత దాటలేదు. ప్యానెల్ మీద పచ్చ దీపం వెలుగుతోంది. మరి ఈ కాలిన వాసన ఎక్కణ్నుంచి?

రాత్రి రెండు గంటలు. కోతలు అయిపోయి ధాన్యం లారీలు వరస కట్టిన రోజులు. తణుకు దగ్గర్లోని ఓ రైస్ మిల్లు ఆగకుండా నడుస్తోంది. కింద గుంతలో పోసిన ధాన్యాన్ని పై అంతస్తుకు మోసుకెళ్లే బకెట్ ఎలివేటర్ మోటారు ఎప్పటిలాగే గుయ్యిమంటోంది. ప్యానెల్ బోర్డు దగ్గర కూర్చున్న కుర్రాడు కునుకు తీయడం లేదు. తన పని తాను చేస్తున్నాడు. అయిదు నిమిషాలకోసారి మీటర్లు చూస్తున్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ముందుగా వచ్చింది వాసన. కాలిన రబ్బరు వాసన!

'నేను అప్పుడే టీ తాగి వస్తున్నానండి. గుమ్మంలోనే ముక్కుకి కొట్టింది. పరిగెత్తుకెళ్లి స్టాప్ బటన్ నొక్కేశా. పైకెక్కి మూత తీసి చూద్దుం గదా... కప్పీ కింద బెల్టు నల్లగా మాడిపోయి ఉంది. అరచెయ్యి పెడితే తోలు ఊడొచ్చేదండి బాబూ' అంటూ ఆ రాత్రిని గుర్తు చేసుకున్నాడు మిల్లు ఎలక్ట్రీషియన్. పాతికేళ్లకు పైగా మిల్లుల్లోనే పనిచేస్తున్న పెద్దాయన. పేరు రాయొద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో చివర్లో చెప్పుకుందాం.

జరిగిందేమిటంటే- ఎలివేటర్ అడుగున ధాన్యం గడ్డకట్టినట్టు పేరుకుపోయింది. బకెట్లు అందులో కూరుకుని ఇరుక్కున్నాయి. బెల్టు ఆగిపోయింది. కానీ పైనున్న కప్పీని తిప్పే మోటారుకు ఆ సంగతి తెలీదు. అది తిప్పుతూనే ఉంది. ఆగిన బెల్టు కింద కప్పీ ఒక్కటే గిరగిరా తిరుగుతూ రాపిడికి వేడెక్కింది. రాయీ రాయీ రాపాడిస్తే నిప్పు పుడుతుందని మనకు తెలుసు. రబ్బరూ ఇనుమూ అందుకు మినహాయింపు కాదు. చుట్టూ ఏముంది? తవుడు, ఊక, గాల్లో తేలుతున్న సన్నటి దుమ్ము.

మరి కరెంటు ఎక్కువ లాగితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే ఏం చేస్తున్నట్టు? అది తన పని తను చేసుకుంటూనే ఉంది. మోటారు మీద భారం పెరిగితేనే అది కదులుతుంది. బెల్టు జారుతున్నప్పుడు మోటారు మోసేది రాపిడిని మాత్రమే. ఆ కరెంటు మామూలు హద్దుల్లోనే ఉండిపోవచ్చు. ఇక బెల్టు పూర్తిగా తెగిపోతే భారం తగ్గి మీటరు ముల్లు కిందికి దిగుతుంది. అంటే యంత్రం పాడైన కొద్దీ మీటరు ఇంకా 'బాగుంది' అంటుందన్నమాట!

మోటారు తప్పేం లేదు. తిరగమన్నారు, తిరిగింది. తిప్పేదాన్ని చూసి, తిరగాల్సింది తిరుగుతోందని మనం అనుకోవడంలోనే ఉంది చిక్కంతా.

ఓ బోల్టు... ఓ కన్ను!

ఆ చిక్కును విడదీసే పరికరం పేరు స్పీడ్ మానిటరింగ్ రిలే. పేరు పెద్దదే కానీ మనిషి చిన్నవాడు. ప్యానెల్లో రెండు వేళ్ల వెడల్పున ఓ మూల ఒదిగి కూర్చుంటాడు. దాని కన్ను మాత్రం యంత్రం దగ్గర ఉంటుంది. చూపుడు వేలంత పొడవున్న ఇత్తడి గొట్టంలాంటి సెన్సర్ అది. తిరిగే ఇరుసుకు ఓ బోల్టు బిగిస్తారు. దానికి ఎదురుగా కొద్ది మిల్లీమీటర్ల దూరంలో ఈ సెన్సర్‌ను నిలబెడతారు. ఇనుప బోల్టు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా సెన్సర్ ఓసారి 'ఊఁ' కొడుతుంది. రిలే ఆ ఊఁకొట్టుళ్లను లెక్కపెడుతుంది. మన అమ్మమ్మలు కథ చెబుతూ పిల్లలు ఊఁ కొడుతున్నారో నిద్రపోయారో కనిపెట్టినట్టే!

లెక్క కూడా తేలికే. ఇరుసు నిమిషానికి 60 చుట్లు తిరగాలనుకుందాం. ఒక్క బోల్టు ఉంటే సెకనుకో ఊఁ. వేగం అయిదో వంతు తగ్గి 48 చుట్లకు పడిపోతే ఊఁకీ ఊఁకీ మధ్య దూరం సెకను నుంచి 1.25 సెకన్లకు పెరుగుతుంది. ఆ పావు సెకను తేడాను రిలే పట్టేసి మోటారును ఆపేస్తుంది. ఇంకా తొందరగా పట్టుకోవాలంటే నాలుగు బోల్టులు పెడతారు. అప్పుడు సెకనుకు నాలుగుసార్లు కబురు అందుతుంది. మెల్లగా తిరిగే యంత్రాలకు చుట్లను లెక్కపెట్టడం కన్నా ఇలా రెండు కబుర్ల మధ్య కాలాన్ని కొలవడమే మేలు. నిమిషానికి మూడు నాలుగు చుట్లు మాత్రమే తిరిగే సిమెంటు బట్టీల దగ్గర నిమిషమంతా ఆగి చుట్లు లెక్కపెడుతూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

మరో చిన్న ఏర్పాటు కూడా ఉండాలి. స్విచ్ వేయగానే ఏ యంత్రమూ పూర్తి వేగం అందుకోదు. ఆ మొదటి కొన్ని సెకన్లూ రిలే కళ్లు మూసుకోవాలి. లేకపోతే మోటారు వేసిన ప్రతిసారీ 'వేగం లేదు' అంటూ ఆపేస్తుంది. ఆ వ్యవధి ఎంతన్నది యంత్రాన్ని బట్టి పెట్టుకోవాలి. బరువైన యంత్రానికి ఎక్కువ, తేలికదానికి తక్కువ. బద్ధకించి అన్నిటికీ ఒకటే పెట్టేవాళ్లూ ఉన్నారు. మొదట్లోనే బెల్టు ఇరుక్కున్న రోజున అది బయటపడుతుంది.

ఇక కన్ను ఎక్కడ పెట్టాలన్నది అసలు ప్రశ్న. మోటారు దగ్గర పెడితే పెట్టనట్టే. మోటారు ఎలాగూ తిరుగుతుంది. బెల్టు తిప్పితే మాత్రమే తిరిగేది అడుగునున్న కప్పీ. కన్ను దాని మీద ఉండాలి. బొగ్గు మోసే కన్వేయర్ అయినా, సున్నపురాయి మోసే కన్వేయర్ అయినా ఇదే సూత్రం. కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం లాంటి చోట్ల థర్మల్ కేంద్రాలకు బొగ్గు తీసుకెళ్లే పొడవాటి బెల్టులకు మోటారు లేని చివరి కప్పీ దగ్గర వేగాన్ని చూడటమే పద్ధతి.

ఎలివేటర్ ఆగగానే దానికి ధాన్యం అందించే యంత్రం కూడా ఆగాలి. లేకపోతే గుంత నిండి పొర్లిపోతుంది. దాని తర్వాతి యంత్రాలు మాత్రం ఆగకుండా తమ దగ్గరున్న సరుకు ఖాళీ చేసుకోవాలి. రిలే ఈ వరసను కూడా నడిపిస్తుంది. పెళ్లి పంక్తిలో వడ్డన ఆగితే వంటవాణ్ని ఆగమంటాం కానీ తింటున్నవాళ్లను లేవమనం కదా!

అయిదు రోజుల తేడాతో...

కాలిన బెల్టుకు ఇంత రాద్ధాంతం ఎందుకు అనిపించొచ్చు. 1977 డిసెంబరులో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. 22వ తేదీన లూసియానా రాష్ట్రం వెస్ట్‌వెగోలో ధాన్యం నిల్వచేసే భారీ గోదాము పేలిపోయింది. 36 మంది చనిపోయారు. అయిదు రోజులు తిరక్కుండానే, 27న టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవులో అలాంటిదే మరో గోదాము పేలింది. 20 మంది ప్రాణాలు పోయాయి. అక్కడ బాంబుల్లేవు, గ్యాసు సిలిండర్లు లేవు. ఉన్నది తిండిగింజల దుమ్ము! పిండిని కుప్పగా పోసి అగ్గిపుల్ల గీస్తే పెద్దగా మండదు. అదే పిండి గాల్లో పొగలా లేచి ఉన్నప్పుడు ఒక్క రవ్వ పడితే చాలు... ప్రతి రేణువుకూ చుట్టూ గాలి దొరికి ఒక్కసారే భగ్గుమంటుంది.

ఇలాంటి పేలుళ్లలో సాక్ష్యాలు కూడా కాలిపోతాయి కాబట్టి రవ్వ ఎక్కడ పుట్టిందో చాలాసార్లు తేలదు. అయినా తేలిన వాటిని వరస పెట్టి చూస్తే పేలుడు మొదలయ్యే చోట్లలో బకెట్ ఎలివేటర్ పేరే ఎక్కువసార్లు కనిపించింది. మూసిన గొట్టం, లోపల దుమ్ము, మధ్యలో రాపిడి. ఇంకేం కావాలి?

పదేళ్ల తర్వాత, 1987 చివర్లో అమెరికా ప్రభుత్వం ధాన్యం గోదాములకు భద్రతా నియమాలు తెచ్చింది. పెద్ద గోదాముల్లో బకెట్ ఎలివేటర్‌కు కదలికను కనిపెట్టే పరికరం ఉండాలనీ, బెల్టు వేగం మామూలు కన్నా 20 శాతం తగ్గేలోపే అది యంత్రాన్ని ఆపేయాలనీ అందులో ఉంది. ఇందాక మనం లెక్క వేసుకున్న అయిదో వంతు అదే. బెల్టు పూర్తిగా ఆగేదాకా చూస్తే ఆలస్యమైపోతుంది. జారడం మొదలైనప్పుడే పట్టుకోవాలి.

ఇలాంటి దుమ్ము ఉన్నచోట పెట్టే సెన్సర్ కూడా రవ్వ పుట్టించకూడదు కదా? అందుకే సుమారు 8 వోల్టులతో, కొన్ని మిల్లీ ఆంపియర్లతోనే బతికే సెన్సర్లు వచ్చాయి. వాటిలో ఇంకో సుగుణం- బోల్టు ఎదురుగా ఉన్నా లేకున్నా తీగలో ఎంతో కొంత కరెంటు పారుతూనే ఉంటుంది. అసలే లేదంటే తీగ తెగిందని అర్థం. అప్పుడు రిలే 'నాకు కళ్లు కనిపించడం లేదు' అని చెప్పేస్తుంది. రిలేకే కరెంటు పోయినా అంతే. మామూలప్పుడు అది పట్టుకుని ఉంటుంది, ప్రాణం పోతే వదిలేస్తుంది. వదిలేస్తే యంత్రం ఆగుతుంది. చచ్చిపోతూ కూడా కాపలా కాసి పోతుందన్నమాట.

వడిసెల తిప్పినట్టు

ఇంతదాకా వేగం తగ్గితే వచ్చే ముప్పు. పెరిగితే?

పొలంలో పిట్టల్ని తోలే వడిసెలను గుర్తు తెచ్చుకోండి. మెల్లగా తిప్పితే తాడు వదులుగానే ఉంటుంది. జోరు పెంచిన కొద్దీ చెయ్యి లాగేస్తుంది. తిరిగే వస్తువులో ప్రతి ముక్కా బయటికి పారిపోవాలని చూస్తుంది. ఆ లాగుడు వేగంతో సమానంగా పెరగదు. దాని వర్గంతో పెరుగుతుంది. వేగం 10 శాతం పెరిగితే లాగుడు 21 శాతం పెరుగుతుంది. 20 శాతం పెరిగితే 44 శాతం. రెట్టింపైతే నాలుగింతలు! ఆవిరి యంత్రాల కాలంలో పెద్ద పెద్ద ఇనుప చక్రాలు ఇలాగే ముక్కలై కార్ఖానాల గోడలు చీల్చుకుని వెళ్లేవి. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి రెండు ఇనుప గుండ్ల గవర్నర్‌ను తగిలించింది వేగానికి ముకుతాడు వేయడానికే. వేగం పెరిగితే గుండ్లు పైకి లేస్తాయి, ఆవిరి మూత దగ్గరకు వస్తుంది. రాష్ట్రాలకు ఉండే గవర్నర్‌కీ దీనికీ సంబంధం లేదులెండి. ఇది నిమిషం కూడా ఊరుకోదు.

థర్మల్ కేంద్రంలో పెద్ద టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. వందల మెగావాట్ల ఆవిరి బలం దాన్ని ముందుకు తోస్తుంటే, అది ఇచ్చే కరెంటు బరువై వెనక్కి లాగుతుంటుంది. ఆ రెండూ సరిపోయాయి కాబట్టే వేగం నిలకడగా ఉంటుంది. ఒక్కసారిగా బయట లైను తెగి బ్రేకర్ పడిపోయిందనుకోండి. లాగే బరువు మాయం. తోసే ఆవిరి మాత్రం అలాగే ఉంది. తాడాటలో అవతలివాళ్లు తాడు వదిలేస్తే ఏమవుతుందో అదే! ఆవిరి మూతలు వెంటనే పడకపోతే ఒకటి రెండు సెకన్లలోనే వేగం పది శాతం దాటేస్తుంది. అందుకే 3300 చుట్ల దగ్గర, అంటే 110 శాతం దగ్గర ట్రిప్ పెట్టుకోవడం ఆనవాయితీ. పాత టర్బైన్లలో ఇరుసులోనే స్ప్రింగుతో బిగించిన ఓ బోల్టు ఉంటుంది. వేగం హద్దు దాటగానే అది బయటికి పొడుచుకొచ్చి ఓ మీటను తన్నేస్తుంది, ఆవిరి బంద్. కొత్తవాటిలో మూడు సెన్సర్లు. మూడింటిలో రెండు 'ఎక్కువైంది' అంటేనే ఆపాలి. ఒక్కదాని మాట మీద ఇంత పెద్ద యంత్రాన్ని ఆపరు, ఒక్కటి మొండికేసినంత మాత్రాన వదిలేయరు. పంచాయితీ తీర్పులా మెజారిటీ మాటే చెల్లుతుంది.

ఆ సెన్సర్లు టర్బైన్‌ను నడిపే కంట్రోలర్‌కు చెందినవి కాకూడదు. ఇదీ అసలు నియమం. వేగాన్ని నడిపేది ఒకటి, కాపలా కాసేది ఇంకొకటి. ఇద్దరికీ ఒకే కన్ను ఉంటే ఆ కన్ను పోయిన రోజున ఇద్దరూ గుడ్డివాళ్లే.

2011 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని దువ్హా విద్యుత్ కేంద్రంలో జరిగింది వింటే ఔరా అనిపిస్తుంది. అక్కడ నాలుగో యూనిట్ టర్బైన్ మితిమీరిన వేగంతో తిరిగి తునాతునకలైంది. ఎప్పుడు? వేగం మించితే ఆపే ఏర్పాటు పనిచేస్తోందో లేదో పరీక్షించే సమయంలో! కాపలావాణ్ని పరీక్షించడం కూడా కాపలా అంత జాగ్రత్తగా చేయాల్సిన పనే మరి. 2008లో డెన్మార్క్‌లోని హోర్న్‌స్లెట్ దగ్గర తుపాను గాలికి బ్రేకు తప్పిన గాలిమర రెక్క విరిగి, స్తంభాన్నే కొట్టి, మొత్తం కూలిపోయిన వీడియోను ప్రపంచమంతా చూసింది. శ్రీసత్యసాయి జిల్లా రామగిరి కొండల మీద మరలు తిరుగుతుంటే తన్మయంగా చూసేవాళ్లు ఆ వీడియో చూస్తే కాస్త దూరంగా నిలబడతారు.

మన దేశంలో ఈ ఎరుక కొత్తదేం కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 30వ సెక్షన్ అచ్చంగా తిరిగే యంత్రాల గురించే రాశారు. సానరాయి ఉన్న ప్రతి యంత్రం దగ్గరా దాని అంచు ఎంత వేగం దాటకూడదో బోర్డు రాసి పెట్టాలనీ, తిరిగే బుట్టలు, ఫ్లైవీళ్లు, కప్పీలు సురక్షితమైన వేగం మించకుండా చూడాలనీ అందులో చెప్పారు. తిరిగే బుట్టలంటే గోదావరి జిల్లాలవాళ్లకు చటుక్కున గుర్తొచ్చేది చక్కెర మిల్లు. మడ్డి నుంచి పంచదార పలుకులను విడదీసేది గిర్రున తిరిగే బుట్టే. అక్కడ రిలే రెండో పని కూడా చేస్తుంది. బుట్ట వేగం బాగా తగ్గితే తప్ప పంచదార గీకే కత్తిని లోపలికి దిగనివ్వదు. మీ ఇంట్లో వాషింగ్ మెషీన్ డ్రమ్ము ఆగేదాకా తలుపు తెరుచుకోకపోవడం ఇలాంటిదే. విసుక్కోకండి!

దేశమంతా ఒకే ఇరుసు

ఇప్పుడు మిల్లు గోడ దాటి బయటికి వద్దాం. టర్బైన్ నిమిషానికి 3000 చుట్లంటే సెకనుకు 50. మన ఇంటి కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ అంటే అర్థం అదే. ఎక్కడో తిరుగుతున్న ఇరుసు చుట్ల లెక్కే మన గోడలోని ప్లగ్గు దాకా వస్తోంది. గ్రిడ్‌లో కలిసిన జనరేటర్లన్నీ ఒకే బండికి కట్టిన ఎడ్లు. ఒకటి ముందూ ఒకటి వెనకా నడవడానికి లేదు.

బండి ఎత్తెక్కుతోంది. బస్తాలు ఎక్కువయ్యాయి. ఎడ్లు నెమ్మదిస్తాయి. వాడకం ఎక్కువై ఉత్పత్తి తక్కువైతే ఫ్రీక్వెన్సీ తగ్గేది ఇలాగే. 1990ల్లో దక్షిణాది గ్రిడ్ తరచూ 48.5 హెర్ట్జ్ కన్నా దిగువన నడిచేది. 48 దగ్గర నాలుగు పోల్స్ మోటారు 1500కు బదులు 1440 చుట్ల వేగాన్నే లక్ష్యంగా పెట్టుకుంటుంది. భారం పడితే ఇంకా తక్కువ. పంపు చుట్లు తగ్గితే నీళ్లను పైకి ఎత్తే శక్తి చుట్ల వర్గంతో తగ్గుతుంది. లోతు బావుల రైతులు 'మోటారు తిరుగుతోంది గానీ నీళ్లు రావట్లేదు' అని అప్పట్లో మొత్తుకున్నదంతా వోల్టేజీ పుణ్యమే కాదు, ఇందులో దీని వాటా కూడా ఉంది. 2003 జనవరి 1న దక్షిణాదిలో కొత్త విద్యుత్ ధరల విధానం అమల్లోకి వచ్చింది. ఫ్రీక్వెన్సీ తగ్గినప్పుడు ఎక్కువ వాడుకున్న రాష్ట్రం ఎక్కువ చెల్లించాలన్నారు. జేబుకు తగిలేసరికి ఫ్రీక్వెన్సీ నిలబడింది.

రైతుకు నీళ్లు తగ్గడం ఒకెత్తయితే, టర్బైన్‌కు ఇది ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం. దాని చివరి వరసలో ఉండే పొడవాటి రెక్కలను 50 హెర్ట్జ్ దగ్గర వణకకుండా తయారు చేస్తారు. ఫ్రీక్వెన్సీ బాగా పక్కకు జరిగితే ఆ రెక్కలు సొంత తాళంలో కంపించడం మొదలుపెడతాయి. కొద్దిసేపు ఓర్చుకుంటాయి, ఆ తర్వాత పగుళ్లే. అందుకే ప్యానెల్ బోర్డుల్లో ఫ్రీక్వెన్సీ రిలే అనే మరో కాపలాదారు ఉంటాడు. బొమ్మల్లో అతని నంబరు 81. మితిమీరిన వేగాన్ని పట్టేవాడు 12, తక్కువ వేగాన్ని పట్టేవాడు 14. ఇవి అమెరికా ఇంజినీర్ల సంఘం పెట్టిన నంబర్లు. మన సబ్‌స్టేషన్లలోనూ ఇవే చెలామణీ. 81 ఏం చేస్తాడంటే- ఫ్రీక్వెన్సీ ఓ మెట్టు దిగగానే కొన్ని ఊళ్ల ఫీడర్లు వదిలేస్తాడు. ఇంకో మెట్టు దిగితే ఇంకొన్ని. బండి వెనక్కి జారకముందే బస్తాలు దింపేయడం అన్నమాట. ఇంకాస్త తెలివైనవాడైతే ఎంత తగ్గిందని కాకుండా ఎంత జోరుగా తగ్గుతోందో చూస్తాడు.

2012 జులై 30, 31 తేదీలను ఉత్తరాది మర్చిపోలేదు. రెండో రోజు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కుప్పకూలి దాదాపు 62 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైంది. అండర్ ఫ్రీక్వెన్సీ రిలేలు వదిలించాల్సినంత భారాన్ని వదిలించలేదని దర్యాప్తు కమిటీ తప్పుపట్టింది. కాపలాదారు గేటు దగ్గర ఉన్నట్టే ఉన్నాడు, లాఠీ మాత్రం లేదు! అప్పటికి దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే తాళంలో నడవడం లేదు కాబట్టి మనం బయటపడ్డాం. 2013 డిసెంబరు 31న రాయచూరు- షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో ఆ ముడి కూడా పడింది. ఇప్పుడు కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా గ్రిడ్ చుట్టూ తిరిగేది ఒకే లెక్క. 49.90కీ 50.05కీ మధ్య దాన్ని నిలపాలన్నది నియమం. గీత ఎంత సన్నబడిందో చూశారుగా.

అబద్ధం చెప్పిన తెర

చుట్లను చూసే కన్ను వేరుగా ఎందుకుండాలో లోకానికి గట్టిగా చెప్పిన కథ 2010లో బయటపడింది. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రంలో యురేనియంను శుద్ధి చేసే సెంట్రిఫ్యూజులు అప్పట్లో వేల సంఖ్యలో తిరుగుతుండేవి. వాటి మోటార్లకు 1064 హెర్ట్జ్ కరెంటు ఇచ్చేవారు. అంటే సెకనుకు వెయ్యికి పైగా చుట్లు! స్టక్స్‌నెట్ అనే వైరస్ ఆ ఫ్రీక్వెన్సీని ఇచ్చే పరికరాలను నడిపే కంట్రోలర్లలోకి దూరింది. కొన్నాళ్లు ఊరుకుని ఓ పావుగంట 1410కి పెంచింది. మళ్లీ మామూలుకు తెచ్చింది. నెలకు కాస్త తక్కువగా ఆగి ఈసారి 2 హెర్ట్జ్‌కు దించేసింది. దాదాపు వెయ్యి సెంట్రిఫ్యూజులు పాడై ఉంటాయని నిపుణుల అంచనా. అక్కడి ఆపరేటర్లు నిద్రపోతున్నారా అంటే లేదు. వాళ్ల ముందున్న తెర మీద అంకెలన్నీ భేషుగ్గా ఉన్నాయి. ముందే రికార్డు చేసుకున్న మామూలు అంకెలను వైరస్ మళ్లీ మళ్లీ చూపించింది మరి.

తిప్పేదాన్నే అడిగి వేగం తెలుసుకుంటే వచ్చే తంటా ఇదే. ఇరుసుకు ఎదురుగా నిలబెట్టిన ఓ సెన్సర్‌కు, ఏ నెట్‌వర్కుకూ కలపని ఓ రిలేకు ఎవరూ వైరస్ పంపలేరు.

వైరస్ పంపలేరు నిజమే... వైరు ముక్క పెట్టొచ్చు!

తణుకు మిల్లుకు తిరిగి వద్దాం. 'ఆ కాలిన రాత్రి తర్వాత ఈ సెన్సర్ పెట్టించారా?' అని అడిగాను. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

'ఆయ్, లేదండి బాబూ. అది అప్పటికే ఉంది. నేనే కళ్లు మూశా.'

సీజన్ ముంచుకొచ్చింది. సెన్సర్ మొహం మీద దుమ్ము పట్టిందో, వణుక్కి బోల్టు పక్కకు జరిగిందో, రోజుకు మూడు నాలుగుసార్లు ఊరికే ట్రిప్పయ్యేది. ట్రిప్పయిన ప్రతిసారీ గుంత ఖాళీ చేయాలి, హమాలీలు ఆగాలి, బయట లారీవాళ్లు హారన్లు కొట్టాలి. 'ఆ దిక్కుమాలిన రిలే సంగతి చూడు' అని పైనుంచి ఒక్కటే పోరు. ఆయన చూశాడు. రిలే కాంటాక్టు రెండు కాళ్లకూ అంగుళం వైరు ముక్క బిగించాడు. ఇక రిలే ఎంత అరిచినా మోటారు వినదు. పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. నాలుగు రోజులు హాయిగా గడిచాయి. అయిదో రాత్రి రబ్బరు వాసన వచ్చింది.

'సరిచెయ్యడానికి ఎంతసేపు పట్టేదండి?' అన్నాను.

'పది నిమిషాలు. సెన్సర్ని కాస్త దగ్గరికి జరిపి నట్టు బిగిస్తే అయిపోయేది. దుమ్ము తుడిస్తే సరిపోయేదేమో కూడా. ఆ పది నిమిషాలు ఎవరిస్తారు బాబూ సీజన్లో?'

పేరు వద్దనడానికి కారణం అదీ. ఆయన్నొక్కణ్నే వేలెత్తి చూపడం నాకు సబబనిపించలేదు. నేను తిరిగిన మరో రెండు చోట్లా ప్యానెల్ తలుపు తీసినప్పుడు ఇలాంటి వైరు ముక్కలు కనిపించాయి. ఒకదాని మీదైతే ఎవరో 'తాత్కాలికం' అని చీటీ కూడా అంటించారు. చీటీ పసుపురంగుకు తిరిగి, మూలలు చిరిగి ఉంది.

ఇప్పుడు ఆ మిల్లులో ప్యానెల్ తాళంచెవి పెద్దాయన మొలతాడుకే ఉంటుంది. రోజూ సాయంత్రం షిఫ్టు ఎక్కగానే చేసే మొదటి పని ఎలివేటర్ అడుగుకు వెళ్లడం. సెన్సర్ వెనక చిన్న ఎర్ర దీపం ఉంటుంది. బోల్టు ఎదురైనప్పుడల్లా ఓసారి వెలుగుతుంది. గడియారం చూస్తూ నిమిషం పాటు ఆ వెలుగులు లెక్కపెడతాడు. వారానికోసారి, గుంతలో సరుకు లేనప్పుడు, సెన్సర్‌ను బోల్టు ఎదుట నుంచి పక్కకు తప్పించి మోటారు వేయిస్తాడు. కొన్ని సెకన్లలో మోటారు దానంతటదే ఆగిపోవాలి.

నేను వెళ్లిన రోజు ఆగింది. 'ఎన్ని సెకన్లురా?' అని పైకి కేకేశాడు పెద్దాయన.

'ఏడు, బాబాయ్!' అంది ప్యానెల్ దగ్గర్నుంచి ఓ కుర్ర గొంతు. పెద్దాయన జేబులోంచి పాకెట్ పుస్తకం తీసి తేదీ పక్కన 7 అని రాసుకున్నాడు. సెన్సర్‌ను మళ్లీ బోల్టు ఎదుటికి జరిపి, నట్టు బిగించి, పంచె చెంగుతో దాని మొహం తుడిచాడు.